పెన్సిల్ కామాలు

నేను పాడను.
పాడేవాళ్ల పక్కన కూర్చుంటాను.
ముప్పై ఏళ్లుగా నా భుజం శ్రోతల వైపు,
నా చెవి వాళ్ల ఊపిరి వైపు.

మిల్వాకీ ఉత్తరాన ఒక చర్చి, దాని నేలమాళిగలో ఒక పియానో.
అట్టడుగు మీట నొక్కితే
పక్కగదిలో బాయిలర్ కూడా బదులు పలుకుతుంది.
అక్కడికి వచ్చేది జొనెల్ ప్రూయిట్,
రాత్రంతా ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టి
పొద్దున్నే ఏడున్నరకి,
వేళ్లకింకా బ్లీచు వాసనతో.

ఆ గొంతును వర్ణించమంటే నా వల్ల కాదు.
ఆమె మంద్రంలో ఎత్తుకున్నప్పుడు
పైన కుర్చీలు సర్దే ఆల్టన్
సర్దడం ఆపేవాడు.
అంతే చెప్పగలను.

గంటకు నలభై డాలర్లు నా రేటు.
మొదటి నెల ఇచ్చింది.
రెండో నెల సగమిచ్చి, మిగతాది రాసుకోమంది.
మూడో నెల నుంచి నేను గడియారం చూడటం మానేశాను.
దయ అనుకోకండి.
అలాంటి గొంతు పక్కన కూర్చోవడం నాకూ అదృష్టమే.
కాకపోతే అదృష్టంతో అద్దె కట్టలేం,
ఆమైనా, నేనైనా.

పై దవడలో పన్ను ఒకటి విరిగింది.
ఇటాలియన్‌లో 'స' వచ్చిన చోటల్లా సన్నని ఈల.
చికాగోలో ఒక పెద్దమనిషి అంతా విని
మీది జాజ్ గొంతు కదమ్మా, అన్నాడు.
మర్యాదగానే అన్నాడు.
ఆమె మర్యాదగానే తలూపింది.
తిరుగు బస్సులో రసీన్ దాటేదాకా
ఇద్దరం నోరు విప్పలేదు.

మార్చిలో వచ్చింది ఆ ఫెలోషిప్ దరఖాస్తు.
ఒపేరా పాడే కొత్త గొంతులకట,
మా రంగుల వాళ్లకే అట.
ఏడో ప్రశ్న: మీరు దాటివచ్చిన కష్టమొకటి
మూడు వందల మాటల్లో రాయండి.

జొనెల్ పెన్సిల్ కొరికింది.
"కష్టం వినబడకుండా పాడటం
ఆరేళ్లు కూర్చుని నేర్చుకున్నా.
ఇప్పుడు దాన్నే పట్టుకొచ్చి చూపించమంటారేంటి?"
నా దగ్గర జవాబు లేదు.
అడిగితే శ్రుతి ఇవ్వగలను, అంతే.

చివరికి కష్టం రాయలేదు, లెక్క రాసింది.
పన్నుకు పన్నెండు వందలు.
నిద్రకు, నెలకు నాలుగు రాత్రుల జీతం.
విల్మెట్ గారికి బాకీ, రెండువేల మూడు వందల ఇరవై.

విల్మెట్ అంటే నేనే.
ఆ అంకె నేనెప్పుడూ చెప్పలేదు.
నేను చూడని గడియారాన్ని
ఇన్నాళ్లూ ఆమె చూస్తూనే ఉందన్నమాట.

మేలో ఉత్తరం వచ్చింది. పదకొండు మంది.
షెబోయ్‌గన్ నుంచి మెంగ్ షాంగ్ అనే హ్మాంగ్ కుర్రాడు కూడా ఉన్నాడు.
మొదటి సమావేశంలో వాళ్లమ్మ ముందు వరసలో కూర్చుని
కొడుకు స్వరం పట్టినంతసేపూ
తనూ ఊపిరి బిగపట్టింది.
ఒక్క ముక్క అర్థం కాలేదని నవ్వింది తర్వాత,
కళ్లు తుడుచుకుంటూ.

నా బాకీ చెక్కు రూపంలో చేరింది.
దాన్ని సాయమనాలో,
ఆలస్యంగా అందిన జీతమనాలో
ఇప్పటికీ తెలియదు. బ్యాంకులో మాత్రం వేశాను.
పన్ను కట్టించుకుంది జొనెల్. ఈల పోయింది.
సిగ్గుపడుతూ చెబుతున్నా,
నాకు అక్కడ కాస్త వెలితిగా ఉంటుంది.

ఆమె స్వరపత్రాల నిండా పెన్సిల్ కామాలు,
ఊపిరి తీసుకోవాల్సిన చోట్లు.
అన్నీ దగ్గరదగ్గరగా, ఒకటి మాట నడుమనే.
రాత్రి డ్యూటీ చేసిన ఊపిరితిత్తులు పెట్టుకున్న గుర్తులవి.

నిన్న, జూన్ మూడో వారం,
రబ్బరుందా అని అడిగింది.
నాలుగో పుటలో ఒక కామా చెరిపింది.
ఇంకొకటి.
మూడోదాని దగ్గర చేయి ఆగింది.
"ఇది ఉండనీ. ఇక్కడ నిజంగానే కావాలి."

కాగితం మీది పొట్టు ఊదేసి నిలబడింది.
నేను అట్టడుగు మీట నొక్కాను.
వేసవి కదా, బాయిలర్ ఆపేశారు.
బదులు పలికింది ఆమె ఒక్కతే.